పిల్లికి ప్లేస్‌మెంట్ ఇచ్చేముందు

హాస్టల్లో ఎలుకల గొడవ ఏ రూములో మొదలైనా చివరికి మూడు పరిష్కారాలే వినిపిస్తాయి. పిల్లిని పెంచుదాం, మందు పెడదాం, జిగురు అట్ట కొందాం. నా వాదన ఒక్కటే: ఈ మూడింటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని ఎవరూ చేయట్లేదు.

ముందు పిల్లి సంగతి చూద్దాం. చిట్టెలుకని పిల్లి పడుతుంది, కాదనను. కానీ గోడ సందులో ఉన్న గూటిని అదేం చేస్తుంది? చిట్టెలుక మూడు వారాలు మోసి ఒక్క ఈతలో అయిదారు పిల్లల్ని పెడుతుంది. రెండు నెలలు తిరక్కుండా ఆ పిల్లలూ తల్లులవుతాయి. ఇక పెద్ద ఎలుకలంటారా, న్యూయార్క్‌లో ఒక రీసైక్లింగ్ కేంద్రంలో 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే, అక్కడి పిల్లులు చంపినవి రెండంటే రెండే. 2018లో ఆ పరిశోధన అచ్చయింది. అయినా సరే, పిల్లిని తెచ్చుకుందామంటే తెచ్చుకోండి. మరి సెలవులకి మనమంతా ఊరెళ్లిపోతే దానికి అన్నం ఎవరు పెడతారు?

మందు ఇంకో తలనొప్పి. బ్రోమడియోలోన్ లాంటి మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. అలాంటిదే పిల్లికీ గుడ్లగూబకీ తేలిగ్గా దొరికేది. ఆ విషం వాటి ఒంట్లోకీ వెళ్తుంది. అంటే మొదటి పరిష్కారాన్ని రెండోది చంపేస్తుందన్నమాట!

జిగురు అట్ట మాత్రం నాకు అస్సలు మింగుడుపడదు. అంటుకున్న ఎలుక గంటల తరబడి గింజుకుంటూ, కీచుమంటూ, ఆకలితో చస్తుంది. వీటిని వాడొద్దని భారత జంతు సంక్షేమ మండలే చెప్పింది. సరే, జాలి సంగతి పక్కన పెడదాం. ఆ అట్టని తీసేదెవరు? మనం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని క్లాసుకి పోతాం. ఊడ్వడానికొచ్చిన ఆయమ్మ దాన్ని ప్రాణంతో ఉండగానే చేత్తో ఎత్తాలి. మనం చూడలేని పనిని ఆమె మీదికి నెట్టడం ఏ లెక్కన పరిష్కారం?

మరేం చేయాలి? రోజూ చదివేదే: ముందు ఇన్‌పుట్ ఆపాలి. చిట్టెలుకకి రోజుకి మూడు నాలుగు గ్రాముల తిండి చాలు. మంచం కింద రాలిన జంతికల పొడి దానికి పెళ్లిభోజనం. ఇంటి నుంచి వచ్చిన సున్నుండలు ప్లాస్టిక్ కవర్లో కాదు, మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాలి. తర్వాత కన్నాలు. పెన్సిల్ పట్టేంత సందు ఉన్నా చిట్టెలుక దూరిపోతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూస్తే కొరకలేదు. తలుపు కింద సందుకి ఓ రబ్బరు పట్టీ. ఇంత చేశాకా ఒకటీ అరా మిగిలితే, గోడ వారగా స్ప్రింగు బోను పెట్టండి. ఎలుకలు గోడని ఆనుకునే నడుస్తాయి. పెట్టినవాళ్లే పొద్దున్నే లేచి చూడాలి, పెట్టినవాళ్లే తీయాలి.

"అదంతా వార్డెన్ పని కదా" అంటారా? కన్నాలు పూడ్చే వరకూ నిజమే, కంప్లయింట్ బుక్కులో రాయండి. డబ్బాకి మూత పెట్టడం మాత్రం మన పనే.