తెర నల్లబడితే తల్లడిల్లకండి!

"పిన్నిగారూ, ఒక్కసారి మా ఇంటికొస్తారా?" అంటూ పోయిన నెలలో ఓ సాయంత్రం పక్కింటి కోడలుపిల్ల మా గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పిల్లవాడికి జ్వరమేమోనని పొయ్యి కట్టేసి గబగబా వెళ్ళాను. తీరా చూస్తే జ్వరం పిల్లవాడికి కాదు, కంప్యూటరుకి! ముందుగదిలో సీపీయూ డబ్బా మూత ఊడదీసి పడుకోబెట్టి ఉంది. పక్కన తల దించుకుని ఆ పిల్ల మరిది.

ఈ అమ్మాయి ఇంట్లోనే కూర్చుని పెళ్ళి ఆల్బం పేజీలు కూర్చి ఫోటో స్టూడియోకి ఇస్తుంది. నెలకింత అని చేతికొస్తుంది. పెద్ద పెద్ద ఫోటోలు తెరిస్తే కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ నడుస్తోందని, గ్రాఫిక్స్ కార్డు వేస్తే బాగుంటుందని ఎవరో చెబితే, చీటీ పాడిన డబ్బులోంచి 13 వేలు పెట్టి కొంది. మరిది బిగించాడు. అంతే... తెర నల్లగా మాడిపోయింది! "నో సిగ్నల్" అని రెండు ముక్కలు కనిపించి అవీ మాయం.

షాపుకి ఫోన్ చేస్తే, "బోర్డు పోయుంటుందమ్మా, కొత్తది వెయ్యాలి" అన్నారట. ఇంకో నాలుగు రోజుల్లో ఆల్బం ఇవ్వాలి. అడ్వాన్సు కూడా తీసుకుంది. "బాగున్నదాన్ని చేతులారా చెడగొట్టుకున్నారు" అని అత్తగారి సణుగుడు. "వద్దంటే విన్నావా?" అని భర్త. వదినకి సాయం చేయబోయిన పాపానికి మరిది దోషిలా నిలబడ్డాడు.

నేను కంప్యూటరు చదువు చదివినదాన్ని కాదు. కానీ మూడేళ్ళ కిందట మా ఇంట్లో సరిగ్గా ఈ భాగోతమే నడిచింది. అప్పుడు నేర్చుకున్నది ఇప్పుడు అక్కరకొచ్చింది. మీలో చాలామంది ఇళ్ళలో ఇవాళ కంప్యూటరు ఉంది. పిల్లల చదువుకో, మీ చేతి పనికో వాడుతున్నారు. అందుకే ఈ వారం ఈ ముచ్చట.

అసలు సంగతేమిటంటే...

తెరమీద బొమ్మ కనిపించాలంటే కంప్యూటరులో ఆ బొమ్మ గీసే భాగం ఒకటి ఉండాలి. వెనకటి రోజుల్లో దానికి విడిగా కార్డు పెట్టేవారు. ఖర్చు తగ్గుతుందని దాన్ని బోర్డులోనే కలిపి ఇవ్వడం మొదలైంది. ఇంటెల్ వాళ్ళ 810 చిప్‌సెట్ 1999లో అలా వచ్చిందే. 2011లో వచ్చిన రెండో తరం కోర్ ప్రాసెసర్లలో అయితే ప్రాసెసరు, వీడియో రెండూ ఒకే చిప్పులో ఇమిడిపోయాయి. మన ఇళ్ళలో ఉన్న మామూలు కంప్యూటర్లు చాలావరకు ఈ రకమే.

ఈ కలిసొచ్చిన వీడియోకి సొంత మెమరీ ఉండదు. కంప్యూటరుకున్న ర్యామ్‌లోంచే కొంత చేబదులు తీసుకుంటుంది. ఉత్తరాలు రాసుకోవడానికి, సినిమా చూడటానికి అది చాలు. పెద్ద ఫోటోలు, వీడియో ఎడిటింగ్, పిల్లల ఆటలు అనేసరికి చాలదు. అప్పుడే విడిగా గ్రాఫిక్స్ కార్డు వేస్తారు. అది తన మెమరీ తనే తెచ్చుకుంటుంది.

ఇక్కడే తిరకాసు! కొత్త కార్డు వచ్చిందని తెలియగానే చాలా బోర్డులు పాత వీడియోని తమంతట తామే ఆపేస్తాయి. కానీ మానిటరు వైరు మాత్రం మనం అలవాటు ప్రకారం పాత చోటే పెడతాం. కొత్త పంపు వేయించుకుని, కట్టేసిన పాత పంపు కింద బిందె పెట్టి నీళ్ళు రావడం లేదని ఏడ్చినట్టన్నమాట!

పక్కింట్లో జరిగింది ఇదే. వాళ్ళ మానిటరుకి నీలం మూతి వైరు ఉంది. దాన్ని వీజీఏ అంటారు. కొత్త కార్డుకి ఆ నీలం రంధ్రమే లేదు. అందుకని మరిది ఆ వైరుని మళ్ళీ బోర్డుకే తగిలించాడు. అతని తప్పేముంది చెప్పండి? రంధ్రం ఎక్కడ కనిపిస్తే అక్కడ పెట్టాడు.

ముందు ధైర్యం... తరవాత మరమ్మతు

నేను మొదట చేయించిన పని, కార్డు తీయించెయ్యడం. గోడ దగ్గర స్విచ్ కట్టేసి, ప్లగ్గు కూడా పీకేసి, పవర్ బటను ఓసారి నొక్కి వదిలాం. లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఆ తరవాత డబ్బా ఇనుప భాగం ముట్టుకుని, కార్డు తీసి, నీలం వైరు పాత చోటే ఉంచి, మళ్ళీ ప్లగ్గు పెట్టి వేశాం. తెర వెలిగింది!

"చూశారా అక్కయ్యగారూ, బోర్డుకేమీ కాలేదు" అన్నాను అత్తగారితో. ఆవిడ ముఖంలో సగం ముడతలు అప్పుడే పోయాయి. మీరు కూడా ఎప్పుడైనా ముందు ఈ పనే చెయ్యండి. పాత పద్ధతిలో బొమ్మ వస్తే పాత సామానంతా క్షేమం. ఎవరో ఫోన్లో చెప్పారని కొత్త బోర్డు కొననక్కర్లేదు.

ఇప్పుడు కార్డు మళ్ళీ పెట్టాలి. నీలం వైరు పనికిరాదు కదా. మానిటరు వెనక చూస్తే హెచ్‌డీఎంఐ రంధ్రం కూడా ఉంది. వైరేదీ? టీవీ సెట్‌టాప్ బాక్సుకి ఉన్నదే ఆ వైరు. "సీరియల్ టైమయింది" అంటూనే అత్తగారు స్వయంగా వెళ్ళి పీక్కొచ్చి ఇచ్చారు. ఆ ఒక్క పనితో కోడలి కళ్ళలో నీళ్ళు ఆగిపోయాయి.

వైరు కార్డుకి తగిలించి వేశాం. మానిటరు ఇంకా నల్లగానే ఉంది. దాని కింద బటను నొక్కి, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చాం. టీవీలో మారుస్తాం చూడండి, అలాగే. అప్పుడు తెర వెలిగింది. కానీ బొమ్మ రాలేదు. కార్డుకి పవర్ వైరు తగిలించమని ఇంగ్లీషులో ఓ హెచ్చరిక వచ్చింది.

రెండో చిక్కు

గ్రాఫిక్స్ కార్డు కూర్చునే స్లాట్ నుంచి దానికి 75 వాట్ల వరకు కరెంటు అందుతుంది. అంతకంటే ఎక్కువ తాగే కార్డుకి విడిగా వైరు కావాలి. ఆరు పిన్నుల వైరైతే ఇంకో 75 వాట్లు, ఎనిమిది పిన్నులదైతే 150 వాట్లు అందుతాయి. ఈ వైరు రావలసింది ఎస్‌ఎంపీఎస్ నుంచి. అదేనండీ, డబ్బాలో కరెంటు పంచే ఇనప పెట్టె. వీళ్ళ పాత ఎస్‌ఎంపీఎస్‌కి అలాంటి వైరే లేదు.

మళ్ళీ షాపుకి ఫోన్ చేస్తే, "కన్వర్టర్ వైరు ఉంది, వేసుకోండి" అన్నారు. నేను వద్దన్నాను. ఒక్క ప్లగ్గుకి గ్రైండరూ గీజరూ కలిపి తగిలిస్తే ఏమవుతుంది? వైరు వేడెక్కి కాలుతుంది. ఇదీ అంతే. వైరు లేని ఎస్‌ఎంపీఎస్ అంటే సాధారణంగా ఆ బరువు మొయ్యడానికి చేసినది కాదనే అర్థం.

ఇంక ఉన్నవి రెండు దారులు. ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చడం, లేదా విడి వైరు అక్కర్లేని చిన్న కార్డు తీసుకోవడం. ఆ అమ్మాయి చేసేది ఆల్బం పని. పెద్ద ఆటలు ఆడే పిల్లలకి కావలసినంత కార్డు ఆమెకి అక్కర్లేదు. అదృష్టం, అట్టపెట్టె చింపకుండా, బిల్లు భద్రంగా దాచింది. మర్నాడు మరిదితో కలిసి తనే షాపుకి వెళ్ళి గట్టిగా మాట్లాడి, చిన్న కార్డుకి మార్పించుకుంది. మిగిలిన డబ్బుతో ర్యామ్ ముక్క ఒకటి అదనంగా తెచ్చుకుంది. సాయంత్రానికి రెండూ బిగించారు. ఆల్బం ఒకరోజు ముందే ఇచ్చేసింది.

తరవాత తనే ఓ మాట అంది. "పిన్నిగారూ, ముందు ర్యామ్ ఒక్కటే వేసి చూసుంటే చాలేదేమో!" నిజమే. ఉన్న ర్యామ్ నాలుగు జీబీ. అందులోంచే వీడియోకి చేబదులు. ఫోటోల పనికి ముందు చూసుకోవలసింది అదే. ఈ మాట 13 వేలు పెట్టకముందు ఎవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మీ ఇంట్లో ఇలా జరిగితే వరసగా చూడండి

1. మానిటరు వైరు ఎక్కడుంది? డబ్బా వెనక నిలువుగా వరసగా ఉన్నవి బోర్డువి. వాటికి కింద అడ్డంగా ఉండేది కార్డుది. వైరు కార్డుకే ఉండాలి.

2. మానిటరు బటను నొక్కి సరైన దారి, అంటే వీజీఏ, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్‌లలో ఏది వాడుతున్నారో అది ఎంచుకోండి.

3. కార్డు పూర్తిగా దిగిందా? స్లాట్ చివర చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది. కార్డు దిగితే అది 'టక్' మంటుంది. తీసేటప్పుడు ఆ కొక్కెం నొక్కి తియ్యాలి, బలవంతంగా లాగితే విరుగుతుంది. వెనక స్క్రూ కూడా బిగించాలి.

4. కార్డు మీద పవర్ వైరుకి చోటు ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ఖాళీగా వదలకూడదు.

5. కంప్యూటరు వెయ్యగానే బీప్ శబ్దాలు వస్తే లెక్కపెట్టండి. కొన్ని బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే వీడియో దగ్గర తేడా ఉందని. మెకానిక్కుకి ఈ లెక్క చెబితే అతనికి సగం పని తగ్గుతుంది.

6. అన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ రాకపోతే కార్డు తీసి, పాత వైరుతో వేసి, వెయ్యగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే బయాస్ వస్తుంది. అందులో 'ప్రైమరీ డిస్‌ప్లే' లాంటి పేరుతో ఒక వరస ఉంటుంది. అక్కడ 'ఆన్‌బోర్డ్' అని ఉంటే 'ఆటో' గానీ 'పీసీఐఈ' గానీ పెట్టి, సేవ్ చేసి, ఆపేసి, కార్డు బిగించండి. మిగతా వరసలు ముట్టుకోకండి.

7. బొమ్మ వచ్చింది గానీ అక్షరాలు లావుగా, సాగినట్టు ఉన్నాయా? భయం లేదు, డ్రైవర్ వెయ్యలేదంతే. ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్... కార్డులోని చిప్పు ఎవరిదైతే వాళ్ళ సొంత వెబ్‌సైటు నుంచే దించుకోండి.

8. పని మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతోందా? ఎస్‌ఎంపీఎస్ చాలడం లేదేమో, ఫ్యాను తిరగడం లేదేమో చూడండి. కరెంటు పోగానే యూపీఎస్ కూడా కుయ్యిమని ఆగిపోతే, కొత్త కార్డు బరువు అది మొయ్యలేకపోతోందేమో అనుకోవాలి.

కొనేముందు

డబ్బా మూత తీయించి స్లాట్ ఉందో లేదో, కార్డు పొడవు పడుతుందో లేదో చూడండి. సన్నటి డబ్బాలకి పొట్టి కార్డులే పడతాయి. ఎస్‌ఎంపీఎస్ మీద కాగితంలో ఎన్ని వాట్లు ఉందో సెల్‌ఫోనులో ఫోటో తీసుకుని షాపుకి పట్టుకెళ్ళండి. ర్యామ్ కొంటే పాతదేరకమో చూసుకోండి, డీడీఆర్3 ఉన్నచోట డీడీఆర్4 దిగదు. మానిటరుకి నీలం రంధ్రం తప్ప ఇంకేదీ లేకపోతే ఆ మాట కొట్లో ముందే చెప్పండి. ల్యాప్‌టాప్ అయితే సాధారణంగా కార్డు మార్చడం కుదరదు, ఆ మాట చెప్పి ఎవరైనా డబ్బడిగితే నమ్మకండి.

ఒక జాగ్రత్త. ఎస్‌ఎంపీఎస్ పెట్టెని మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది. తడి చేతులతో, పక్కన చిన్నపిల్లలు ఉండగా డబ్బా తెరవకండి.

చివరగా ఒక్క మాట. యంత్రం ఆగిపోతే ఇంట్లో ముందు మొదలయ్యేది "ఎవరు చెడగొట్టారు?" అనే విచారణ. దానికి బదులు "ఎక్కడ ఆగింది?" అని అడిగితే పని అవుతుంది, మనుషులూ మిగులుతారు. ఆ రోజు దోషిలా నిలబడ్డ మరిది ఇప్పుడు మా వీధిలో ఎవరి కంప్యూటరు మొరాయించినా వెళ్ళి మొదట వైరు ఎక్కడుందో చూస్తున్నాడు. అత్తగారేమో సెట్‌టాప్ బాక్సు వైరు తనదేనని గుర్తుచేసి, కోడలి చేత కొత్త వైరు కొనిపించుకున్నారు!