రక్తపరీక్షలో అంకెలు, రోగిలో లక్షణాలు

2021 వేసవిలో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు మా అనకాపల్లి వంటి ఊళ్లలో కూడ సి.ఆర్.పి., డి-డైమర్, ఫెరిటిన్ అనే మాటలు ఇంటింటా వినిపించాయి. కొద్దిపాటి జ్వరం, దగ్గు తప్ప మరే బాధా లేనివారు సైతం రక్తపరీక్షలకు పరుగెత్తి, వచ్చిన కాగితం చూచి బెంగపడ్డారు. మరోవంక మా ఆయుర్వేద వైద్యులలో కొందరు ఈ పరీక్షలన్నీ వృథా, నాడి చాలునని ధీమాగా పలికారు. ఈ రెండు ధోరణులూ రోగికి కీడు చేసినవేనని నా అభిప్రాయం.

సి.ఆర్.పి. అనేది కాలేయంలో తయారయ్యే ఒక మాంసకృత్తు. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే పరిశోధకులు న్యుమోనియా రోగుల రక్తంలో దీనిని గుర్తించారు. శరీరంలో ఎక్కడ శోథ పుట్టినా ఇది కొన్ని గంటలలోనే పెరుగుతుంది. డి-డైమర్ రక్తపు గడ్డలు కరిగేటప్పుడు వెలువడే ముక్క. ఫెరిటిన్ ఇనుమును నిలువ చేసే మాంసకృత్తు. కరోనా తీవ్రమైనప్పుడు శరీరరక్షణశక్తి హద్దుమీరి సొంత ధాతువులనే బాధిస్తుంది; సూక్ష్మ రక్తనాళాలలో గడ్డలు ఏర్పడతాయి. అందుకే ఆసుపత్రిలో చేరినవారిలో ఈ మూడూ బాగా హెచ్చినవారికి ప్రమాదం అధికమని వైద్యులు గమనించారు.

అయితే పొగ కనబడినంత మాత్రాన ఏ ఇల్లు కాలుతున్నదో తెలియదు. గర్భవతులలో, శస్త్రచికిత్స అయినవారిలో, వృద్ధులలో డి-డైమర్ సహజంగానే ఎక్కువ. స్థూలకాయులలో, కీళ్లవాపు రోగులలో కరోనా లేకుండానే సి.ఆర్.పి. పెరుగుతుంది. కాలేయంలో కొవ్వు చేరినవారిలో, మధుమేహులలో ఫెరిటిన్ హెచ్చుగా ఉండవచ్చు. ఇక మొదటి రెండు మూడు రోజులలో అంకె తక్కువగా వచ్చిందని నిశ్చింతగా ఉండటమూ పొరపాటే. ఈ వ్యాధి చాలామందిలో రెండవ వారంలోనే ముదిరింది.

అంకెను ఒంటరిగా చదివితే ఏమవుతుందో స్టెరాయిడ్ల విషయంలో చూచాము. డెక్సామెథసోన్ కృత్రిమశ్వాసపై ఉన్నవారిలో మరణాలను సుమారు మూడవ వంతు తగ్గించిందనీ, ప్రాణవాయువు అవసరం లేనివారికి మేలు చేయలేదనీ 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. అయినను మరుసటి ఏడాది మన ఇళ్లలో సి.ఆర్.పి. కాస్త పెరిగిందని తొలిరోజులలోనే ఆ మాత్రలు మింగినవారున్నారు. తేలికపాటి వ్యాధిలో ఈ పరీక్షలు, సి.టి. స్కాన్ అనవసరమని ఢిల్లీ ఎయిమ్స్ సంచాలకులు రణదీప్ గులేరియా 2021 మేలో హెచ్చరించారు. స్టెరాయిడ్లతో రక్తంలో చక్కెర మితిమీరినవారిలో కొందరు బ్లాక్ ఫంగస్ పాలయ్యారు.

అదే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలాది మంది గుమిగూడారు. ఆ మూలికల గుణదోషాల చర్చ ఇక్కడ చేయను. ఊపిరాడని రోగిని ఆసుపత్రికి గాక అంతదూరం తీసికొనిపోవడం మాత్రం నేను ఒప్పుకోలేను.

దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే మూడు విధాల రోగిని పరీక్షించమని మా శాస్త్రం చెప్పింది. రక్తపరీక్షను కూడ రోగిని అడిగే మరొక ప్రశ్నగా స్వీకరిస్తే వైద్యునికి చిన్నతనమేమీ లేదు. సి.ఆర్.పి. అంటే మా ఆమమే అని ప్రసంగించేవారితో మాత్రం నేను ఏకీభవించను. ఆమం వైద్యుడు లక్షణాలతో నిర్ణయించే భావన. దానికి యంత్రపు అంకెను అతికించడం ఉభయశాస్త్రాలకూ న్యాయం కాదు.

ఈ వ్యాధి మధుమేహులను, స్థూలకాయులను, రక్తపోటు ఉన్నవారిని ఎక్కువగా పీడించింది. మా ఊరు బెల్లానికి ప్రసిద్ధి గనుక ఒక మాట చెప్పక తప్పదు, వర్తకమిత్రులు కోపగించుకోకూడదు. పంచదార మాని బెల్లమే వాడుతున్నామని చెప్పే మధుమేహులు నా వద్దకు తరచు వస్తారు. బెల్లం కూడ రక్తంలో చక్కెరను పెంచుతుంది. ప్రమేహ కారణాలలో బెల్లపు వంటకాలను చరకుడే చేర్చాడు.

జ్వరం వచ్చినప్పుడు విశ్రాంతి, పలుచని జావ, వేడినీరు, ధనియాలు శొంఠి కషాయం ఇంటిలో చేసికొనదగినవి. ఆక్సిమీటరు 94కు తక్కువ చూపినా, ఆయాసం, ఛాతీనొప్పి, మాటలో తడబాటు కలిగినా పరీక్షా ఫలితం కోసం ఎదురుచూడక ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం గడ్డకట్టకుండ మాత్రలు వాడేవారు ఏ కషాయమైనా మొదలుపెట్టేముందు ఆ మాత్రల చీటీని, రక్తపరీక్షల కాగితాలను కలిపి వైద్యునికి చూపించాలి.