ఎలుకలకు నయమైందట!

“సార్, బీపీసీ-157 నిజంగా పనిచేస్తుందా?” అని ఈ యేడు నన్ను అడిగిన కుర్రాళ్ళు తక్కువేమీ కాదు. బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పుకొనేవాణ్ణి గనుక జవాబు చెప్పటం నా విధి.

పదిహేను అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది, అంటే ఒక పెప్టైడు. పొట్టమీద చర్మంలోకి సూదితో ఎక్కించుకొంటే లాగిన కండరమూ, దెబ్బతిన్న టెండనూ ఇట్టే అతుక్కుంటాయని ప్రచారం. దీనిమీద వచ్చిన పరిశోధనలో అధికభాగం క్రొయేషియాలోని జాగ్రెబ్ నగరపు బృందానిదే, అదీ ఎక్కువగా ఎలుకల మీద. ఎలుక మడమ టెండన్ కోసి, మందిచ్చి చూస్తే త్వరగా మానిందన్నారు. సంతోషం! మరి మనుషుల మాటో? సరియైన పోలికతో చేసిన పెద్ద పరీక్ష ఇప్పటికీ లేదు. కొత్త రక్తనాళాలను మొలిపిస్తుందని గొప్పగా చెబుతారు. కొత్త రక్తనాళాలు గాయానికే కాదు, కణితికి కూడా కావాలి కదా! హాని చేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు, నిజమే. చేయదని మాత్రం ఎవరు చేశారు?

“పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు” అని సీసామీద అచ్చువేసి మరీ అమ్ముతారు. అమ్మేవాడు చెప్పే ఆ ఒక్క నిజాన్నే మనవాళ్ళు నమ్మరు. 2022 నుంచి ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ దీన్ని నిషేధించింది. టీబీ-500 అనే దాని తమ్ముడూ నిషిద్ధమే. ఒంట్లో దొరికితే “సీసాలో ఏముందో నాకు తెలీదండీ” అంటే చెల్లదు. నాలుగేళ్ళ దాకా వేటు పడవచ్చు. డిగ్రీ చదివే ఆటగాడికి నాలుగేళ్ళంటే ఆట ముగిసినట్టే.

అన్నీ బూటకమని నేననను. క్రియాటిన్ సంగతి వేరు. తింటే కండరంలో దాని నిల్వ పెరుగుతుందని 1992లోనే చూపారు. శాకాహారుల కండరాల్లో అది తక్కువ గనుక వారికి మరింత ఉపయోగం. రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. సి, ఇ విటమిన్ల కథ ఇందుకు తలక్రిందులు. 2009లో జర్మనీవారు యువకులచేత నాలుగు వారాలు వ్యాయామం చేయించి చూస్తే, ఈ మాత్రలు మింగినవాళ్ళకు ఇన్సులిన్ విషయంలో కలగవలసిన లాభం కలగలేదు. వ్యాయామపు ఒత్తిడి శరీరానికి పంపే కబురును మాత్రలు మధ్యలోనే నొక్కేశాయన్నమాట.

ఇక ప్రొటీను. 2018లో 49 పరీక్షలను కలిపి చూస్తే, కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాములు దాటాక కండలో అదనపు లాభం కనబడలేదు. అరవై కిలోల కుర్రాడికి 96 గ్రాములు. డబ్బాల సంగతా? 2024లో మనదేశంలో అమ్మే 36 రకాలను పరీక్షిస్తే దాదాపు 70 శాతం వాటిలో లేబులు చెప్పింది ఒకటి, లోపలున్నది మరొకటి. ఆ యేడే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు ప్రొటీను పొడులు వద్దని సలహా యిచ్చారు.

బాగానే ఉంది. కాని వద్దన్నంతమాత్రాన సరిపోతుందా? పప్పు గింజ కోసం గరిటెతో వెదకవలసిన సాంబారు పోసి, 96 గ్రాములు తినమంటే కుర్రాడు ఎక్కడికి పోతాడు? డబ్బా దగ్గరికో, సూది దగ్గరికో పోతాడు. గుడ్డుకు ఆరు గ్రాముల ప్రొటీను. సాయంత్రం ప్రాక్టీసు కాగానే ఆటగాళ్ళకు రెండేసి గుడ్లు, గుడ్డు తినని వారికి పాలూ, ఉడికించిన శనగలూ పెట్టించమని యూనియన్ కొత్త కార్యవర్గం స్పోర్ట్సు ఫీజు లెక్క ముందు పెట్టుకొని అడగాలి. అర్జీ వ్రాయటానికి నేను సిద్ధం. సంతకాలు మీరు చేయించండి.