సీసాకొక నీతి, కుండకొక నీతి

మడివాళయందు మా యెరుకలోని యొక తెలుగు కుటుంబమువారు గృహప్రవేశము జరిపిరి. పూజయు, భోజనములును యథావిధిగా ముగిసెను. సాయంకాలము మేడమీద పెద్దమనుషులు కొందరు కూర్చుండగా, గృహస్థు విదేశమునుండి కుమారుడు తెచ్చిన విస్కీ సీసాను బల్లపై నుంచి దాని వంశచరిత్ర వర్ణింపసాగెను. ఆ సమయముననే, ఆ యింటి గోడలు లేపిన పాలమూరు మేస్త్రీ తనకు పెట్టవలసిన కొత్తబట్టలకై వచ్చెను. అతడును కొంత పుచ్చుకొనియే వచ్చెను. “తాగుబోతు వెధవ! శుభకార్యమునాడు కూడనా?” అని గుమ్మమునుండియే పంపివేసిరి. ఆ మాట అన్నవారి చేతిలో గ్లాసుండెను. మేమును ఆ గదిలోనే యుంటిమి, నోరు మెదపలేదు. ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ సీసాను మేము నిందింపము. అందలి పనితనము సామాన్యము కాదు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, పీట్ పొగపై ఆరబెట్టుదురు. పీట్ అనగా చిత్తడినేలలలో వేలయేండ్లు మురిగి గట్టిపడిన మొక్కల మన్ను. దాని పొగ గింజకు పట్టి, చివరి చుక్కవరకు విడువదు. పులిసిన రసమును రాగిపాత్రలలో సామాన్యముగా రెండుమార్లు బట్టీపట్టి, స్పెయిను దేశపు షెర్రీ మద్యము నిలువయుండిన ఓకు పీపాలలో దాచుదురు. కనీసము 3 యేండ్లని స్కాట్లండు నియమము. ఎండుద్రాక్షల తీపియు, ముదురు వన్నెయు ఆ పీపా యిచ్చినవే.

ఇతరుల బట్టీలనుండి పీపాలు కొని, తమ పేరున సీసాల కెత్తి అమ్ము స్వతంత్ర వర్తకులును అచట కలరు. కేడన్‌హెడ్ సంస్థ 1842లోను, గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ సంస్థ 1895లోను ఆరంభమైనవి. అట్టివారు తరచుగా బట్టీ పేరు, పీపా సంఖ్య, బట్టీపట్టిన యేడు, సీసాకెత్తిన యేడు, ఘాటు చీటీపై ముద్రింతురు. మన నగరమును ఈ విద్యలో వెనుకబడలేదు. ఇచట 1948లో స్థాపితమైన అమృత్ సంస్థ 2004లో తన సింగిల్ మాల్టును గ్లాస్గోలోనే విడుదల చేసెను. స్కాట్లండులో పీపానుండి ఏటా సుమారు 2 శాతము ఆవిరి కాగా, బెంగుళూరులో 10 శాతమునకు పైగా పోవును. ఇది విద్యయే, కాదనుట అజ్ఞానము.

అయిన, కల్లుగీత విద్య కాదా? నడుమున మోకు బిగించి తాటిచెట్టెక్కి, గెలను నొవ్వకుండ దినదినము సన్నగా చెక్కి, లొట్టి కట్టి దింపువాని చేతిలో తరముల నేర్పు లేదా? తెల్లవారుజామున తీయనైనది సాయంకాలమునకు పులియునని యెరిగి, ఏ చెట్టు కల్లు ఎట్టి రుచియో చెప్పగల నాలుక రసజ్ఞమైనది కాదా? స్కాట్లండు పొగను మెచ్చు నోరే తాటికల్లును “కంపు” అని తిట్టుచున్నది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ!

“అతడు మత్తునకు త్రాగును, మేము రుచికి త్రాగుదుము” అని కొంద రందురు. లెక్క చూతము. ఆ సీసా చీటీపై 57 శాతమని ముద్రించి యున్నది. 60 మిల్లీలీటర్ల గ్లాసులో ఆల్కహాలు 34 మిల్లీలీటర్లు. కల్లు ఘాటు 5 శాతమనుకొన్నచో, అంత ఆల్కహాలునకు ముప్పాతిక లీటరునకు కొంచెము తక్కువ కల్లు త్రాగవలయును. గదిలోనివారు రెండవ గ్లాసు కూడ పోసికొనిరి. సీసా చీటీ అబద్ధమాడలేదు. ఆడినది మన నాలుక.

“వారి త్రాగుడు సంసారములను కూల్చును” అను మాటలో సత్యము కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచినది ఆ బాధతోనే. 1993లో సారా పోయినది; 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలినది. ఈ కర్ణాటకమునను 2007లో సారా నిషిద్ధమైనది. మరి సీసా మాట? పేదవాని గుక్క చట్టమున నేరమైనది. మన గుక్క అద్దాల బీరువా కెక్కినది. ధనికుని యింట తలుపులు మందముగా నుండుటచే ఏడ్పు వీధికి వినరాదు, అంతియే భేదము. మద్యమున నిరపాయమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. మనకు చేరువనే హోసూరు రోడ్డున నున్న నిమ్హాన్సులో వ్యసనమునకు చికిత్స చేయుదురు. అచట కాలేయము త్రాగినదాని వెల నడుగదు.

మేము కోరునది స్వల్పము. మన పండుగలకు, సభలకు సీసాను దూరముగా నుంచుడు. ఇంట త్రాగువారు దానిని సంస్కృతియని పిల్లల యెదుట పొగడకుడు. త్రాగిన కూలివానిని తాగుబోతు అనదలచినచో, ఆ మాటను మొదట తమ గ్లాసునకు చెప్పికొనుడు. జబ్బుపడినవాడు మేస్త్రీ యైనను, మేనేజరైనను ఒకే ఆస్పత్రికి చేయిపట్టి తీసికొనిపొండు.

మేస్త్రీకి బట్టలు మరునాడు పంపిరట. అన్న మాటను మాత్రము ఎవరును వెనుకకు తీసికొనలేదు. కన్నడమున మడివాళ అనగా చాకలి. దొర బట్టయైనను, కూలి బట్టయైనను అతడు ఒకే బండపై ఉతుకును. ఆ పేరుగల చోట కాపురమున్న మనము ఆపాటి న్యాయమైన నేర్వవలదా?