పళ్లెంలో మొలవని ప్రాణులు

గత సంచికలో కూలింగ్ టవర్లలో పేరుకొనే సున్నపు పొరను గురించి ముచ్చటించుకొన్నాము. ఈ పర్యాయం అదే నీటిలో కంటికి కనిపించని ప్రాణుల సంగతి.

కొన్నేళ్ళ క్రిందట ఒక వేసవిలో మా యూనిట్‌లో కండెన్సర్ వాక్యూమ్ దినదినమూ తగ్గసాగింది. ప్రయోగశాల నివేదికలో సూక్ష్మజీవుల సంఖ్య దాదాపు శూన్యం. దానిని నమ్మి, లోపమంతా గాలి లీకేజీలోనే ఉన్నదని నిశ్చయించి, వారం రోజులు ఫ్లాంజీలూ గ్లాండ్లూ వెదకించినది మేమే. షట్‌డౌన్‌లో వాటర్ బాక్స్ తెరచి చూడగా గొట్టాల నిండా వ్రేలికి అంటే జిగురు పొర!

లెక్కించినవారి తప్పు లేదు; నమూనాయే తప్పు. సీసాలో సోడియం థయోసల్ఫేట్ వేయలేదు. అందుచేత నీటిలో మిగిలిన క్లోరిన్ దారి పొడవునా తన పని తాను చేసుకొనిపోయింది. పరీక్షకు చేరేసరికి బ్రతికి ఉన్నవి బహు కొద్ది. అంతకంటె పెద్ద పొరపాటు, నీటిని మాత్రమే పరీక్షించడం. ఈ జీవులలో అధిక భాగం ప్రవాహంలో తేలవు; గోడను పట్టుకొని, తాము స్రవించిన జిగురులోనే కాపురముంటాయి. బస్టాండులో నిలబడి ఊరి జనాభాను లెక్కించడం వంటిదే మేము చేసిన పని.

నమూనా సక్రమంగా తీసినా చిక్కు తీరదు. ప్రకృతి జలాలలో సూక్ష్మదర్శినికి కనిపించే బాక్టీరియాలో పళ్లెంలో మొలకెత్తేవి సాధారణంగా నూటికి ఒకటి కూడ ఉండవు. పేద నీటికి అలవాటుపడిన వాటికి మనం పెట్టే విందు భోజనం సరిపడదు. 1985లో వెలువడిన ఆర్‌2ఎ అనే పలుచని పోషకంపై 20–28 డిగ్రీల వద్ద 5 నుండి 7 రోజులు ఉంచితే మరికొన్ని మొలుస్తాయి. మనకేమో 48 గంటలలో ఫలితం కావాలి!

ఇది కర్మాగారాలకే పరిమితమైన సమస్య కాదు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని కనుగొన్నారు. అదే క్రిమి పళ్లెంలో మొలకెత్తకుండానే సజీవంగా ఉండగలదని 1982లో రీటా కాల్వెల్ బృందం చూపింది. అది నీటిలోని సూక్ష్మ జంతువులను అంటిపెట్టుకొని ఉంటుంది గనుక, బంగ్లాదేశ్ గ్రామాలలో పాత చీరను మడతలు పెట్టి నీరు వడగట్టగా కలరా 48 శాతం తగ్గినట్లు 2003లో ప్రకటించారు. చీర మడతకు తెలిసినది పళ్లెానికి తెలియలేదు.

నేడు నీటిలోని డి.ఎన్.ఎ.ను నేరుగా చదువుతున్నారు. అయితే చచ్చినవాటి డి.ఎన్.ఎ. కూడ అందులో చేరుతుంది. క్లోరిన్ మోతాదు నిర్ణయించవలసిన మాకు బ్రతికినవాటి లెక్క ముఖ్యం.

ప్రస్తుతం పక్క గొట్టంలో చిన్న లోహపు పలకలు అమర్చి, నెలకొకసారి తీసి గీకి చూస్తున్నాము. మొన్నటి పలక మీద మళ్ళీ జిగురు కనిపించింది. క్లోరిన్ వేళలు మార్చవలసి ఉన్నది.