నీటి ఒప్పందంలో నుడికి చోటెక్కడ?

ఊత్తుకోట వద్ద కండలేరు–పూండి కాలువ ఆంధ్ర నేలను విడిచి తమిళనాడులో ప్రవేశిస్తుంది. కండలేరు నుండి 152 కిలోమీటర్లు నడిచివచ్చిన కృష్ణాజలం అక్కడినుండి తిరువళ్ళూరు జిల్లాలోని పూండి జలాశయం చేరి చెన్నపట్నం దాహం తీరుస్తుంది. సరిహద్దు వద్ద ఆ నీటిని కొలుస్తారు. ఎంత వచ్చింది, ఎంత రావలసి ఉంది అని రెండు రాష్ట్రాల ఇంజనీర్లూ లెక్క చూసుకుంటారు. సరిహద్దుకు ఇవతల తెలుగు బడులలో పిల్లలెందరు మిగిలారు, పంతుళ్ళెందరు ఉన్నారు అనే లెక్కను అలా ఎదురెదురుగా కూర్చుని సరిచూసుకోవడం మనమెన్నడూ ఎరుగము.

తెలుగుగంగ ఒప్పందం 1983లో కుదిరింది. అప్పుడు అక్కడ ఎన్.టి.రామారావుగారు, ఇక్కడ ఎం.జి.రామచంద్రన్‌గారు ముఖ్యమంత్రులు. ఏటా 12 టీఎంసీల నీరు సరిహద్దుకు చేరాలి. జూలై–అక్టోబరు నడుమ ఎనిమిది, జనవరి–ఏప్రిల్ నడుమ నాలుగు. 1996లో తొలిసారి నీరు వచ్చింది. చాలా ఏళ్ళు నిండు వాటా రాకపోయినా, అది చేయదగిన పనే. ఆ నీళ్ళు తాగేవారిలో తెలుగువారూ లక్షల్లో ఉన్నారు. కానీ ఆ పథకంలో తెలుగు అన్నది పేరుకే మిగిలింది. నెలల వారీగా నీటిని పంచుకోగలిగిన ప్రభుత్వాలకు, ఆ కాలువ ఒడ్డునే పెరిగే పిల్లల చదువు చర్చించదగిన విషయంగా తోచలేదు.

లాభనష్టాల మాట ఒక గదిలో, హక్కుల మాట మరొక గదిలో మాట్లాడుకోవడం ప్రభుత్వాలకు అలవాటు. చైనాతో ఐరోపా దేశాలు నడుపుతున్న వ్యవహారం ఇందుకు పెద్ద ఉదాహరణ. 1989లో తియానన్మెన్ కూడలిలో జరిగిన హత్యాకాండ తరువాత అవి చైనాకు ఆయుధాల అమ్మకం నిలిపివేశాయి. 1995 నుండి మానవ హక్కులపై ప్రత్యేక సంభాషణ ప్రారంభించాయి. ఆ ‘ప్రత్యేక’ అన్న మాటలోనే చిక్కుంది. హక్కుల అధికారులు తమ గదిలో మాట్లాడుకుంటూ ఉండగా, వర్తకం పక్క గదిలో నిరాటంకంగా పెరిగింది.

మన వంటివారికి ఇందులో గుర్తుంచుకోదగిన మనిషి ఒకరున్నారు. తాషి వాంగ్‌చుక్ అనే టిబెటన్ దుకాణదారు తన ప్రాంతపు బడులలో టిబెటన్ భాష సరిగా నేర్పాలని కోరాడు. 2016 జనవరిలో అతణ్ణి నిర్బంధించారు. వేర్పాటువాదాన్ని రెచ్చగొట్టాడన్న నేరంపై 2018లో ఐదేళ్ళ శిక్ష వేశారు. 2020 డిసెంబరు 30న ఐరోపా సమాఖ్య చైనాతో పెట్టుబడుల ఒప్పందంపై సూత్రప్రాయంగా అంగీకారానికి వచ్చిన రోజున కూడా అతడు చెరలోనే ఉన్నాడు. వీగర్ల అణచివేతపై పరస్పర ఆంక్షలు వచ్చాక, 2021 మే నెలలో ఐరోపా పార్లమెంటు ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టింది. అయినా ఒక సంగతి గమనించాలి. నిర్బంధ శ్రమకు వ్యతిరేకమైన అంతర్జాతీయ ఒడంబడికలను ఆమోదించే ప్రయత్నం చేస్తామని చైనా ఆ ఒప్పందంలోనే మాట ఇచ్చింది. ఒప్పందం ఆగిపోయినా 2022లో అటువంటి రెండింటిని ఆమోదించింది. ఆచరణ మాట వేరు. పాతికేళ్ళ ప్రత్యేక సంభాషణ రాబట్టలేని సంతకాలను వర్తకపు కాగితంలోని షరతు రాబట్టింది.

తమిళనాడును చైనాతో పోలుస్తున్నానని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. ఇక్కడ తెలుగు అడిగినందుకు చెర లేదు. న్యాయస్థానం తలుపు తెరిచే ఉంది. 2006 నాటి చట్టం తమిళాన్ని పదవ తరగతి దాకా తప్పనిసరి చేసి, మాతృభాషను నాలుగవ భాగంలోకి, ఐచ్ఛికంగా, నెట్టింది. ఆ చట్టం కింద పిల్లలు పదవ తరగతికి చేరిన 2016లో మినహాయింపు దొరికింది హైకోర్టులోనే. 2023లో సుప్రీంకోర్టు దానిని మరొక ఏడు పొడిగించింది. కానీ ఏడాదికొకసారి గడువు అడుక్కునే హక్కు ఎన్నాళ్ళు నిలుస్తుంది? మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించమంటున్న రాజ్యాంగపు 350-ఎ అధికరణానికి గడువు లేదు కదా.

పైగా మనం వలస వచ్చినవారము కాము. పటాస్కర్ సిఫారసుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది. బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాల ఊళ్ళు కొన్ని ఆంధ్రకు వెళ్ళాయి. ఊళ్ళను ఊళ్ళతో మార్చుకున్నవారు పిల్లల చదువును కూడా అలాగే ఇచ్చిపుచ్చుకోవచ్చు. చిత్తూరు, తిరుపతి జిల్లాల తమిళ పిల్లలకు పుస్తకాలు, పంతుళ్ళు ఇక్కడినుండి. తిరువళ్ళూరు జిల్లా తెలుగు పిల్లలకు అక్కడినుండి. కాలువ మరమ్మతుల మీద ఈసారి అధికారులు కలిసినప్పుడు ఈ విషయాన్నీ అదే బల్ల మీద పెట్టాలి.

నీళ్ళు ఆపుతామని బెదిరించమనడం లేదు. అది పాపం, పైగా మనవాళ్ళ గొంతే ఎండుతుంది. అడగమంటున్నాను, అంతే. కుశస్థలి నదిపై ఆంధ్ర జలాశయాలు కట్టబోతున్నదని 2022లో తమిళనాడు ముఖ్యమంత్రి వెంటనే ఉత్తరం రాశారు. తన ప్రజలకోసం అలా రాయడం ఆయన ధర్మం. మనకోసం రాయవలసినవారో, 2019లో తమ బడులలోనే తెలుగు మాధ్యమాన్ని తీసివేయబోయి 2020లో హైకోర్టు చేత ఆపించుకున్నారు.

ప్రభుత్వాలనే అంటే చాలదు. తమిళమూ ఇంగ్లీషూ అన్నం పెడతాయి, తెలుగు ఏం పెడుతుందని మా ఇంట్లోనూ అనుకున్నాము. మా అబ్బాయిని తెలుగు లేని బడిలో వేసింది నేనే. నిరుడు అన్నదమ్ముల పిల్లల నడుమ పొలం పంపకాలు వచ్చాయి. దస్తావేజు 1960కి ముందుది, తెలుగులో ఉంది. బావి నీళ్ళలో ఎవరి వంతు ఎంత, కాలిబాట ఎవరి గట్టు మీదుగా అన్నది అంతా అందులోనే ఉంది. పంచుకోబోయే ఐదుగురిలో ఒక్కరికీ ఆ అక్షరాలు రావు. నేను చదువుతూ ఉంటే మా అబ్బాయి తమిళ లిపిలో రాసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆపి, ‘నాయనా, సరిగ్గానే చదువుతున్నావు కదా?’ అని అడిగాడు.