ఫతే మైదాన్‌ను మరవొద్దు
అబిడ్స్ నుంచి ఎల్.బి. స్టేడియం పక్కగా రోజూ నడుస్తాం. అది ఒకప్పటి ఫతే మైదాన్ అని మనలో ఎందరికి తెలుసు?

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెల్చుకొచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన రహీం సాబ్ ఉస్మానియాలో చదివిన బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది.

మరి నేడో? 2022లో ఐ.ఎస్.ఎల్. గెల్చిన హైదరాబాద్ ఎఫ్.సి. 2025లో ఢిల్లీకి తరలిపోయింది. యజమాని జట్టు యజమాని వెంట పోతుంది. బస్తీలో, కాలేజీలో పుట్టిన జట్టే ఊరిని అంటిపెట్టుకుంటుంది. అందుకే యూనియన్ పెద్దలకు ఒకటే మనవి: వార్షికోత్సవ పందిళ్ల ఖర్చులో కొంత మన ఫుట్‌బాల్ జట్టుకివ్వండి. సాయంత్రం మైదానం తలుపు తెరిపించండి. చాలు!